కంచంలో చెయ్యి

మా ఆయన అన్నం తిన్నాక కంచంలోనే చెయ్యి కడుక్కుంటాడు. పక్కనున్న గ్లాసెత్తి కుడిచేతి వేళ్ళ మీద నీళ్ళు పోసుకుని, తువ్వాలు ఎక్కడుందని అటూ ఇటూ చూసి, లేచి వెళ్ళి టీవీ ముందు కూర్చుంటాడు. కంచం అక్కడే ఉంటుంది. మెతుకులు, కరివేపాకు, చేపముళ్ళు, నమిలి ఊసిన మునక్కాడ పిప్పి ఆ నీళ్ళలో తేలుతుంటాయి. దాన్ని ఎత్తడానికి కాస్త నేర్పు కావాలి. రెండు చేతులతో అంచులు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తొణక్కుండా వంటింటి దాకా మోసుకుపోవాలి. తొణికితే "చూస్కోవా?" అంటాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి "సింకు దగ్గర కడుక్కోకూడదా?" అని అడిగాను. "మా నాయన గూడ గిట్లనే కడుక్కునేటోడు" అన్నాడు, అదేదో అన్నదమ్ముల పంపకాల్లో తన వాటాకు వచ్చినట్టు. మా అత్తమ్మ విశ్రాంతమ్మ అప్పుడు అక్కడే కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. "కంచమెత్తితే చేతులు అరిగిపోతయా పిల్లా?" అంది తలెత్తకుండానే. ఆ పూట నుంచి మళ్ళీ అడగలేదు.

మేముండేది ఖమ్మం చివర ఖానాపురం హవేలిలో. మా ఆయన జోయెల్ ఇరిగేషన్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచర్ని. మా అమ్మాయి పాల్వంచలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. "మేమిద్దరం జాబ్ హోల్డర్లమే" అని ఆయన నలుగురిలో గర్వంగా చెప్పుకుంటాడు. ఇంటికొచ్చాక మాత్రం ఒక్కరే ఉద్యోగం నుంచి అలిసిపోయి వస్తారు, రెండోవాళ్ళు చెప్పులు విప్పి నేరుగా స్టవ్ దగ్గరికి పోతారు. ఇందులో ఫిర్యాదు చెయ్యడానికి ఏముందని మా అమ్మ కూడా అడిగింది. తాగడు, కొట్టడు, ఆదివారం చర్చి తప్పడు. అన్నీ నిజమే. జ్వరమొస్తే దవాఖానాకు తీసుకుపోతాడు. ఇంత మంచివాడి మీద ఒక్క కంచం గురించి కోపం పెట్టుకున్నానంటే వినేవాళ్ళు నన్నే అనుమానంగా చూస్తారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. లోపల మాత్రం అది పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉండేది.

2006 ఆగస్టులో గోదావరి వచ్చింది. అట్లా రావడం మా వైపు మామూలే కానీ ఆ ఏడు వచ్చిన తీరు వేరు. భద్రాచలం దగ్గర ఆఖరి ప్రమాద హెచ్చరిక కూడా దాటిందని టీవీలో చెబుతూనే ఉన్నారు. ఇవతలి ఒడ్డున బూర్గంపాడులో కిన్నెరసాని నీళ్ళు గోదావరిలో కలవడానికి దారిలేక వెనక్కి తన్ని ఊళ్ళోకొచ్చాయి. నీళ్ళు తీశాక ఆదివారం ఆరాధనలో మా పాస్టరుగారు, మేమంతా అయ్యగారంటాం, కన్నీళ్ళు పెట్టుకుని పిలుపిచ్చాడు. బియ్యం, దుప్పట్లు పంచి ఫోటో దిగి వచ్చే సంఘాలు చాలా ఉన్నాయి, మనం వాళ్ళ ఇళ్ళల్లోకి పోయి బురద ఎత్తుదాం అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. ఆ సాయంత్రమే జాబితాలు రాశారు. మగవాళ్ళది శుభ్రం చేసే దళం, ఆడవాళ్ళది వంట దళం. నేను శుభ్రం చేసే దళంలో ఉంటానంటే పేర్లు రాస్తున్న పెద్దమనిషి నవ్వి, "వంటకు మనిషి తక్కువైతది సిస్టర్" అన్నాడు. మా సంఘంలో ఆడవాళ్ళం రోజూ అన్నం వండేటప్పుడు దేవుడి పేరిట ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోస్తాం. ఎన్నో వంటిళ్ళల్లో ఎన్నో పూటలు తీసిపెట్టిన ఆ పిడికిలి బియ్యమే అప్పుడు డీసీఎం వ్యానెక్కింది. బ్యానరు మీద సంఘం పేరు, అయ్యగారి పేరు, పెద్దల పేర్లు వేశారు.

సెలవు అడిగితే మా స్కూలు ప్రిన్సిపాల్ కళ్ళద్దాలు పైకి తోసుకుని, "మేడం, మీరు ఆడ సేవ చేస్తే మరి ఈడి పిల్లలకు ఎవరు జేస్తరు?" అని, జీతం కోసి ఇచ్చాడు. మా ఆయన ఆఫీసులో మాత్రం ఆఫీసరు లేచి నిలబడి చేయి కలిపాడట. "గ్రేట్ సర్వీస్ జోయెల్ గారూ" అన్నాడట. ఆ రాత్రి అన్నం తింటూ ఆ సంగతి చెప్పి, కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు.

బూర్గంపాడులో దిగేసరికి ముందు వాసన ఎదురొచ్చింది. నానిన వడ్లు, చచ్చిన గొడ్లు, తడి బట్టలు అన్నీ కలిసిన వాసన. గోడల మీద నీళ్ళు నిలబడిన గుర్తు మనిషి తలకంటే పైన గీత గీసినట్టుంది. ఇళ్ళల్లో మోకాలి లోతు ఒండ్రు. స్కూలు ఆవరణలో షామియానా కింద మా వంట దళం పొయ్యిలు పెట్టింది. ఊళ్ళోవాళ్ళకూ మావాళ్ళకూ కలిపి వండుతున్నాం. అడ్డాకు విస్తళ్ళలో వడ్డించాం, అందువల్ల ఒక్క కంచం కూడా తోమే పని పడలేదు, అదొక్కటే సుఖం. మధ్యాహ్నం వడ్డన అయ్యాక, తాగే నీళ్ళు అందుతున్నాయో లేదో చూసి రమ్మంటే బిందె, చెంబు తీసుకుని ఇళ్ళ వైపు వెళ్ళాను.

ఊరి చివర పల్లంలో ఒక పెంకుటింటి ముందు మా ఆయన కనిపించాడు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, ఒక ఇటుక మీద కూర్చుని, ముందు బురదపట్టిన గిన్నెలు కుప్ప పోసుకుని తోముతున్నాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. ఆ కుప్పలోని ఒక బిందె మెడ చుట్టూ చింతపండు పెట్టి రుద్దుతున్నాడు. అడుగున అంచు లోపలి వైపు, మురికి దాక్కునే చోట, వేలికి గుడ్డ చుట్టి మరీ తీస్తున్నాడు. కంచం తోమి, వెనక్కి తిప్పి చూసి, ఇంకా జిడ్డుందనిపించి మళ్ళీ బూడిద రాశాడు. పని వచ్చినవాడు తోమినట్టు తోముతున్నాడు. ఇన్నేళ్ళలో నాకు నడుము నొప్పి వచ్చినా, జ్వరమొచ్చినా, కడుపుతో ఉన్నప్పుడు వాంతులవుతున్నా ఆయన అనే మాట ఒకటే, "నాకు రాదు గదా మహిమా". రాదనే నమ్మాను. కొందరికి పాట రాదు, కొందరికి ఈత రాదు, ఈయనకు గిన్నెలు తోమడం రాదు అనుకున్నాను. వస్తుందని తెలిసిన ఆ క్షణాన నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

"మహిమా, జర నీళ్ళు పొయ్యి" అన్నాడు నన్ను చూసి. పోశాను.

ఆ ఇల్లు జమ్లిది. ఇల్లందు వైపు తండా నుంచి పని కోసం వచ్చి అక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఆమె గడప బయట తడి బట్టల మూట మీద కూర్చుని, మా ఆయన చేతుల్ని చూస్తూ ఉంది. ఆమె భర్త గోప్యా లారీల మీద హమాలీ పనికి పోతాడు. అతను కాస్త దూరంలో బోర్లించిన మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. జమ్లి నా కొంగు పట్టుకుని మెల్లగా అడిగింది.

"అక్కా, గాయన మీ ఆయననా?"

"అవ్."

"ఇంట్ల గూడ గిట్లనే జేస్తడా?"

అప్పుడే మా ఆయన కంచం ముందుకు చాపితే వంగి నీళ్ళు పోశాను. నేను తల వంచడాన్ని ఆమె అవునని అనుకుంది. "నీ అదృష్టం బాగుందక్కా" అని నిట్టూర్చి, గోప్యా వైపు తిరిగింది.

"ఇంటున్నవా? సారు ఆఫీసుల జేస్తడంట. ఇంట్ల గూడ గిట్లనే తోముతడంట. నువ్వేమో నీ ఇంట్ల బురద ఎవడో ఎత్తుతుంటె బీడీ తాగుకుంట కూసున్నవ్."

గోప్యా మా ఆయన్ని చూశాడు, చాలాసేపు చూశాడు. బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని, లేచి వచ్చి పార పట్టుకున్నాడు. కాసేపటికి ఆ గదిలో నేల కనబడింది. తోమిన కంచం ఎండలో మెరుస్తుంటే జమ్లి దాన్ని రెండు చేతులతో గుండెకు పెట్టుకుని ఏడ్చింది. మా ఆయన కళ్ళు కూడా తడిశాయి. తలకు కట్టుకున్న రుమాలు తీసేసి, ఆ బురదలోనే నిలబడి చిన్న ప్రార్థన చేశాడు. నటన కాదు, నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం ఆయన్ని ప్రేమించినంతగా నేను ఎప్పుడూ ప్రేమించలేదు. ఈ మనిషి నా ఇంటికి ఎందుకు రాడు అని కూడా అప్పుడే అనిపించింది.

తిరుగు ప్రయాణంలో వ్యానులో పక్కన కూర్చుని అడిగాను. "మీకు తోమడం యాడ వచ్చింది?"

"డిగ్రీల హాస్టల్ల ఉన్న గదా. ఎవని ప్లేటు వాడే" అన్నాడు తేలిగ్గా. ఇంటికి చేరాక అత్తమ్మ వండిపెట్టిన అన్నం తిన్నాడు. "బురద ఎత్తి ఎత్తి నడుం పట్టేసింది" అంటూ వేళ్ళ మీద నీళ్ళు పోసుకున్నాడు. పెద్ద పెద్ద డేగిసాల్లో అన్నం కలిపి కలిపి నా భుజాలు కూడా పట్టేశాయి. కంచం తీసి, ఆయన నడుముకు బాము రాశాను.

ఆ రోజు ఊళ్ళో తిరిగిన విలేకరి ఎవరో తీసినట్టున్నాడు, ఆ వారం పేపరు జిల్లా పేజీలో ఫోటో వచ్చింది. ఇటుక మీద కూర్చుని గిన్నె తోముతున్న మా ఆయన, పైన ఏదో పెద్ద మాటల హెడ్డింగు. ఫోటో అంచున చెంబుతో నీళ్ళు పోస్తున్న ఒక చెయ్యి ఉంది. మణికట్టు దాకా, వాచీ దాకా కనబడుతుంది, ఆ పైన కోసేశారు. ఆ వాచీ నాది. అత్తమ్మ ఆ కాగితాన్ని కత్తిరించి తన బైబిల్లో పెట్టుకుంది. ఆఫీసులో ఆయనకు శాలువా కప్పారు. మా స్కూల్లో కూడా టీచర్లు "మీ ఆయన ఎంత మంచోడు మేడం, మా ఆయన గ్లాసు గూడ తియ్యడు" అన్నారు. నవ్వాను. ఆ నవ్వు నవ్వీ నవ్వీ నా చెంపలు నొప్పెట్టాయి.

దసరా సెలవులు అయ్యాక ఒక సాయంత్రం అయ్యగారు మా ఇంటికొచ్చాడు. టీ ఇచ్చాను. జోయెల్‌ని సంఘ పెద్దగా నిలబెట్టాలని అందరూ కోరుతున్నారని, వచ్చే నెల కృతజ్ఞతా ఆదివారం నాడు ఆ కార్యం పెట్టుకుందామని చెప్పాడు. మా మామగారు లూకా కూడా ఆ సంఘంలోనే పెద్దగా చేసి పోయాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. అయ్యగారు నా వైపు తిరిగి, "భార్య సాక్ష్యం మాత్రం మర్చిపోకు మహిమమ్మా" అన్నాడు.

మా సంఘంలో అదొక ఆనవాయితీ. ఎవరు మొదలుపెట్టారో గానీ, మగవాణ్ణి పెద్దగా నిలబెట్టే ముందు అతని భార్య లేచి, అందరి ముందు ఒక మాట చెప్పాలి. 'మా ఆయన బయట ఎట్లున్నడో ఇంట్ల గూడ అట్లనే ఉన్నడు, ప్రభువు ఎదుట ఇది నా సాక్ష్యం.' సంఘమంతా ఆమెన్ అంటుంది. అప్పుడే అయ్యగారు అతని తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తాడు. భార్య ఆ మాట చెప్పకుండా చేతులుంచడం మా సంఘంలో లేదు. ఇన్నేళ్ళలో ఆ మాట చెప్పని భార్య కూడా లేదు. మొగుడితో ముందు రోజు తన్నులు తిన్నావిడ చెప్పడం నేను చూశాను. కమిలిన చెంప మీదికి కొంగు లాక్కుని చెప్పింది. అందరం ఆమెన్ అన్నాం, నేను కూడా అన్నాను.

ఆ మాట నేను చెప్పగలనా? రోజులు గడిచేకొద్దీ ఇదే నాకు పెద్ద బెంగ అయిపోయింది. బ్లాక్‌బోర్డు మీద లెక్క రాస్తూ ఆగిపోయేదాన్ని. వట్టి మాటే కదా, చెప్పేస్తే పోలేదా అనుకునేదాన్ని. రోజూ ఎన్ని చిన్న అబద్ధాలు చెప్పడం లేదు? కూర బాగా కుదిరిందని, ఒంట్లో బాగానే ఉందని, నాకేం కష్టం లేదని. కానీ అవన్నీ నాకు నేను చెప్పుకునేవి. ఇది దేవుడి పేరు పెట్టి చెప్పాల్సింది. పైగా నేను దేవుణ్ణి నిజంగానే నమ్ముతాను. ఆ నమ్మకం నాకు ఎవరూ పెట్టిన నగ కాదు, నేను రోజూ పిడికెడు పిడికెడుగా తీసి దాచుకున్నది.

కృతజ్ఞతా ఆదివారానికి జమ్లినీ గోప్యానీ పిలిపించి రెండు మాటలు చెప్పించాలని అయ్యగారి ఆలోచన. శనివారం సాయంత్రానికే వాళ్ళు బస్సు దిగి మా ఇంటికొచ్చారు. జమ్లి కొంగులో కట్టుకుని సీతాఫలాలు తెచ్చింది. ఊళ్ళో ఇంకా సగం ఇళ్ళు అట్లాగే ఉన్నాయంది, తమ ఇంటికి మాత్రం కొత్తగా సున్నం వేసుకున్నామంది. మా ఆయన గోప్యా భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకొచ్చాడు. మగవాళ్ళిద్దరికీ చాప వేసి అన్నం పెట్టాను. కోడికూర, పప్పుచారు. జమ్లి, నేను వడ్డిస్తున్నాం, అత్తమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

తినడం అయ్యాక గోప్యా కంచం చేత్తో పట్టుకుని లేచాడు. "అక్కా, నీళ్ళు యాడున్నయ్?"

"ఎందుకు?" అన్నాను.

"కంచం కడుగుత. ఇప్పుడు ఇంట్ల నాది నేనే కడుక్కుంటున్న. సారు దగ్గర నేర్చిందే" అని కాస్త సిగ్గుపడుతూ నవ్వాడు.

సరిగ్గా అప్పుడే మా ఆయన గ్లాసు వంచి కంచంలో నీళ్ళు పోసుకుంటున్నాడు. ఆ చప్పుడు గదిలో అందరికీ వినబడింది. చెయ్యి విదిలించి, "గోప్యా, నువ్వు మా గెస్టువి, ఆడ పెట్టెయ్. ఆమె చూస్కుంటది" అన్నాడు. చాలా ప్రేమగా అన్నాడు. గోప్యా కంచం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు, పెట్టాలో వద్దో తెలియక. ఆఖరికి నేనే అతని చేతిలోంచి తీసుకున్నాను. రెండోది జమ్లి ఎత్తింది. ఎత్తడం అలవాటు లేక కొంచెం తొణికింది.

సింకు దగ్గర ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. జమ్లి గొంతు తగ్గించింది.

"అక్కా, నువ్వు జెప్పలే ఆనాడు. నేనే అనుకున్న, ఇంట్ల గూడ గిట్లనే జేస్తడని."

"నేను గూడ కాదనలే జమ్లీ."

"మా ఆయనకు గదే జెప్పిన. సారు అసుంటోడు తోమంగ నీకేమైందని రోజు ఎత్తిపొడిచిన. గందుకే నేర్చుకున్నడు." గిన్నె కడిగి పక్కన బోర్లించింది. "సారు కంచంల చెయ్యి కడిగింది మా ఆయన ఇప్పుడు జూసిండో లేదో. జూడకపోతె నేను జెప్పనక్కా. జెప్తే మల్ల మానేస్తడు."

"జెప్పకు" అన్నాను.

"మరి నీ సంగతి?"

ఆ ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకున్నాను.

వాళ్ళకు పక్కలు వేశాక అత్తమ్మ కాళ్ళకు నూనె రాస్తుంటే, ఆమె తనంతట తానే అంది. "రేపు ఆ మాట తడబడకుంట జెప్పు. నేను మీ మామకు జెప్పిననాడు గొంతు వణికింది, అందరు సంతోషంతోటి అనుకున్నరు."

"నిజమే జెప్పినవా అత్తమ్మా?"

ఆమె కాలు వెనక్కి తీసుకుని చీర సర్దుకుంది. "నిజమా, కాదా అని ఎవరడిగిండ్రు? జెప్పమన్నరు, జెప్పిన" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆదివారం పొద్దున్నే అయ్యగారు ఆటో పంపితే జమ్లి, గోప్యా ముందే చర్చికి వెళ్ళారు. మా ఆయన కొత్త తెల్లచొక్కా వేసుకున్నాడు. ఇడ్లీ పెట్టాను. ఆయన తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చున్నాను. మామూలుగా అట్లా కూర్చోను, అప్పటికి స్టవ్ దగ్గర ఉంటాను.

"ఒక్కటి అడగనా?" అన్నాను.

"అడుగు."

"ఇయ్యాల మీ కంచం మీరు తీసి కడగండి."

నవ్వాడు. "ఇయ్యాల్నా? ఈ తెల్లంగి మీదనా?"

"అంగి విప్పి కడగండి. ఈ ఒక్క పూట. లేకపోతే ఆడ లేచి నిలబడి నేను అబద్ధమాడాలె. నాతోటి కాదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. నా ముఖంలోకి చూశాడు. నేను ఆటలాడడం లేదని అర్థమైంది, ఆ సంగతి కళ్ళల్లో కనబడింది. ఒక్క క్షణం ఆయన చెయ్యి కంచం అంచు మీదికి పోయింది. తర్వాత ఆ చెయ్యే గ్లాసు అందుకుంది.

"అది సేవ మహిమా" అన్నాడు, మూడో తరగతి పిల్లకు చెప్పినంత ఓపికగా. "ఇది ఇల్లు. రెండిటికీ ముడి పెడ్తే ఎట్ల?" వేళ్ళ మీద నీళ్ళు పోసుకున్నాడు. సాంబారు నీళ్ళు కంచంలో తిరిగాయి. లేచి బండి బయటికి తీయడానికి పోయాడు.

నేను చీర మార్చుకుని వచ్చాను. అత్తమ్మ బైబిల్ చంకలో పెట్టుకుని గడప దగ్గర నిలబడింది. "మహిమా, కంచం" అంది, చాప వైపు చూపించి.

"ఉండనియ్యి అత్తమ్మా."

ఆమె కంచాన్ని చూసింది, నన్ను చూసింది. వంగి తానే తీస్తుందేమో అనుకున్నాను, ఇదివరకు నేను ఆలస్యం చేసిన ప్రతిసారీ తీసింది. ఈసారి తీయలేదు. బయటికి వచ్చి తలుపు దగ్గరికి లాగింది. నేను తాళం వేశాను.

చర్చి నిండిపోయింది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళం ఒకవైపు చాపల మీద. ముసలివాళ్ళకు గోడ పక్కన కుర్చీలు వేశారు, అత్తమ్మ అక్కడ కూర్చుంది. పాటలయ్యాక జమ్లి లేచి, ఇల్లు కడిగినందుకు అందరికీ దండం పెట్టి, ఇంకేమీ చెప్పకుండా కూర్చుంది. గోప్యా మాత్రం మైకు పట్టుకుని, "నా ఇంట్ల బురద సారు ఎత్తిండు. గప్పటి సంది నా కంచం నేనే తోముకుంటున్న" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, చాలామంది మగవాళ్ళు కూడా కొట్టారు. రాత్రి అతను చూశాడా లేదా అన్నది అతని ముఖంలో నాకు తెలియలేదు.

అయ్యగారు మా ఆయన్ని ముందుకు పిలిచాడు. ఆయన వచ్చి మోకాళ్ళూని తల వంచాడు. తెల్లచొక్కా వీపు మీద చెమట మరక కనబడింది. ఆ వీపుకు నేను ఎన్నిసార్లు బాము రాశానో. ఆయన మీద నాకు ద్వేషం లేదు, ఇది రాస్తున్న ఈ నిమిషం కూడా లేదు. ఆయన తల మీదికి ఆ చేతులు రావాలని నాకూ ఉంది. వస్తే మా అమ్మాయి సంతోషిస్తుంది, మా వీధి సంతోషిస్తుంది, ఆయన కొన్నాళ్ళు ఈలలు వేసుకుంటూ తిరుగుతాడు. దానికి నేను ఇవ్వాల్సింది ఒక్క మాట. జమ్లి మూట మీద కూర్చుని అడిగినప్పుడు కూడా ఒక్క మాటే అడిగింది, అప్పుడు తల వంచి తప్పించుకున్నాను. ఇప్పుడు వంచడానికి ముందు చెంబు లేదు, నీళ్ళు లేవు.

"సహోదరి మహిమమ్మా, నీ సాక్ష్యం" అని అయ్యగారు మైకు నా చేతికిచ్చాడు.

లేచి నిలబడ్డాను. గొంతు వణుకుతుందనుకున్నాను, వణకలేదు.

"బూర్గంపాడుల నా కండ్లతోటి చూసిన అయ్యగారూ" అన్నాను. "ఎవరో తెల్వని ఆడమనిషి గిన్నెలు మా ఆయన కూసోని తోమిండు. అంచులు గూడ తోమిండు. కండ్ల నీళ్ళు పెట్టుకున్నడు. దాంట్ల అబద్ధం లేదు." వెనక ఎవరో స్తోత్రం అన్నారు. మా ఆయన భుజాలు కొంచెం వదులయ్యాయి. "మా ఇంట్ల మాత్రం నేనింకా చూడలేదు. చూసిననాడు నేనే వచ్చి చెప్త. ప్రభువు ఎదుట ఇది నా సాక్ష్యం."

మైకు అయ్యగారికి ఇచ్చేశాను. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి మా ఆయన తల మీదికి ఎత్తినవాడల్లా అట్లాగే గాల్లో ఆపేశాడు. మా ఆయన తల ఎత్తలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. మగవాళ్ళ వైపు ఎవరో దగ్గారు. సాక్ష్యం అయ్యాక సంఘమంతా ఆమెన్ అనాలి, అది ఆనవాయితీ. ఎవరూ అనలేదు. నేను నిలబడే ఉన్నాను.

అప్పుడు గోడ పక్కన కుర్చీల వైపు నుంచి ఒక ముసలి గొంతు, గట్టిగా, వణక్కుండా, "ఆమెన్" అంది.

మా అత్తమ్మ.